సీసం తొడుగు, కాస్మిక్ సాకు

అంతరిక్ష నౌకల మీద ఎక్కడ చర్చ వచ్చినా రెండు మాటలు తప్పకుండా వినబడతాయి. ప్రయోగానికి ముందైతే, "రేడియేషనే కదా, మందంగా సీసం తొడుగేస్తే పోలా?" ప్రయోగం తరవాత నౌక మూగబోతే, "ఏం చేస్తామండీ, కాస్మిక్ కిరణం తగిలింది, మన చేతుల్లో ఏముంది?" మొదటి మాట అనేది మనలాంటివాళ్ళం, టీ తాగుతూ. రెండో మాట మాత్రం ఒక్కోసారి పెద్దపెద్దవాళ్ళే అంటుంటారు, అదీ విచారణ నివేదికల్లో. నా దృష్టిలో ఈ రెండూ ఒకే బద్ధకం. ముందేమో ఒక రేకు మీద భారం వేసి ఊరుకోవడం, తరవాతేమో ఆకాశం మీద నెపం వేసి ఊరుకోవడం. మధ్యలో చెయ్యాల్సిన పని ఒకటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ పని గురించే ఈ టపా.

ముందే ఒక మాట. తొడుగులు దండగ అని నేననడం లేదు, తిట్టడానికి తొందరపడకండి. తొడుగుకంటూ ఒక పని ఉంది, దాన్ని అది బ్రహ్మాండంగా చేస్తుంది. దాని పని కానిదాన్ని కూడా దాని నెత్తిన పెట్టడంతోనే నా గొడవ. నేను వృత్తిరీత్యా సాఫ్టువేరు వాణ్ణి. ఇందులో సాఫ్టువేరు వాడికేం పని అంటారా? అసలు పని వాడిదే. ఎలాగో చెబుతా.

శత్రువు ఒకడు కాదు

రేడియేషన్ అని ఒకే మాట వాడేస్తాం గానీ, అంతరిక్షంలో మూడు గుంపులున్నాయి. మొదటిది గ్రహాల చుట్టూ ఉండే పట్టీలు. 1958లో ఎక్స్‌ప్లోరర్ 1 ఉపగ్రహం పంపిన లెక్కలు చూసి జేమ్స్ వాన్ ఆలెన్ కనిపెట్టినవి ఇవే. భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని తిరుగుతూ ఉండే ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు అన్నమాట. బృహస్పతి చుట్టూ ఉన్న పట్టీలైతే వీటి తాతలు. రెండోది, సూర్యుడు అప్పుడప్పుడూ విసిరే ప్రోటాన్ల వాన. మూడోది అసలు సిసలు కాస్మిక్ కిరణాలు. సౌర కుటుంబం అవతలెక్కడో పుట్టి, దాదాపు కాంతి వేగంతో దూసుకొచ్చే అణు కేంద్రకాలు. ఎక్కువ భాగం ప్రోటాన్లే. నూటికి ఒకటి మాత్రం కార్బన్ నుంచి ఇనుము దాకా ఉండే బరువైనవి. సంఖ్యలో తక్కువే గానీ దెబ్బలో మొనగాళ్ళు వీళ్ళే.

ఇప్పుడు వీటిని ఆపడానికి ఎంత మందం రేకు కావాలో చూద్దాం. 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్‌ని సుమారు 2 మిల్లీమీటర్ల అల్యూమినియం ఆపేస్తుంది. కోటి ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్‌కి 1 మిల్లీమీటరు కూడా అక్కర్లేదు. 10 కోట్లదైతే 3.7 సెంటీమీటర్లు కావాలి. అసలు కాస్మిక్ కిరణాల్లో మామూలుగా కనబడే 100 కోట్ల వోల్టుల ప్రోటాన్ ఉందే, దానికి అల్యూమినియం ఒకటిన్నర మీటర్ల మందం కావాలి. సెంటీమీటర్లు కాదు, మీటర్లు! అప్పుడు శ్రీహరికోట నుంచి ఎగరాల్సింది ఉపగ్రహం కాదు, గోల్కొండ కోట.

భూమ్మీద మనకి ఈ బాధ ఇంతగా ఎందుకు లేదంటే, మన నెత్తిన ఉన్న గాలి బరువు 10 మీటర్ల లోతు నీటితో సమానం. దానికి తోడు భూమి అయస్కాంత క్షేత్రం ఒకటి. నౌకకి ఈ రెండూ కలిపి కట్టిపంపలేం కదా.

పోనీ, అల్యూమినియం వద్దు, సీసమే వేద్దాం అంటారా? ఇక్కడే మన ఆసుపత్రి ఎక్స్‌రే గది జ్ఞానం దెబ్బతీస్తుంది. ఎక్స్‌రేకి సీసం మంచిదే. కానీ ప్రోటాన్లనీ కేంద్రకాలనీ ఆపేటప్పుడు కిలోకి కిలో లెక్కేస్తే సీసం తేలికపాటి పదార్థాల కంటే నాసి. ఎందుకంటే వాటిని నెమ్మదింపజేసేది పదార్థంలోని ఎలక్ట్రాన్లు. కిలో సీసంలో ఉన్నవాటికంటే కిలో ప్లాస్టిక్‌లోనే ఎలక్ట్రాన్లు ఎక్కువ. అంతరిక్షంలో లెక్క కిలోల్లోనే, సెంటీమీటర్లలో కాదు. పైగా వేగంగా వచ్చే ఎలక్ట్రాన్ సీసాన్ని గుద్దితే కొత్తగా ఎక్స్‌రేలు పుడతాయి. కాస్మిక్ కేంద్రకం గుద్దితే న్యూట్రాన్లు, ముక్కలు చెల్లాచెదురుగా లోపలికి పడతాయి. దొంగ ఒక్కడు గోడ దూకబోతే, ఆ గోడే పదిమంది దొంగల్ని పుట్టించినట్టు. ఇంకో తమాషా కూడా ఉంది. బరువైన కేంద్రకం వేగం తగ్గేకొద్దీ, అడుగడుక్కీ వదిలే శక్తి పెరుగుతుంది. సగం ఆపిన బుల్లెట్టు తక్కువ ప్రమాదం అనుకుంటాం. ఇక్కడ సగం ఆపినదే చిప్పుని గట్టిగా కొట్టొచ్చు.

తుప్పు వేరు, పిడుగు వేరు

రేడియేషన్ వల్ల చిప్పుకి జరిగే నష్టం ముఖ్యంగా రెండు రకాలు. ఈ తేడా పట్టుకుంటే మిగతా వాదనంతా అర్థమైపోతుంది.

ఒకటి మోతాదు. రోజూ కొంచెం కొంచెం తగిలి, నెలలూ ఏళ్ళూ పోగుపడేది. ట్రాన్సిస్టర్లలోని పలచటి ఆక్సైడు పొరల్లో విద్యుదావేశం పేరుకుపోయి, చివరికి ఆ ట్రాన్సిస్టరు చెప్పిన మాట వినడం మానేస్తుంది. సముద్రపు గాలికి విశాఖలో కిటికీ ఊచలు తుప్పు పట్టినట్టు. తుప్పుకి రంగు వెయ్యడమే మందు, మోతాదుకి తొడుగే మందు. ఇంతవరకూ నాకే పేచీ లేదు.

రెండోది ఒక్క దెబ్బ. ఒకే ఒక్క కేంద్రకం చిప్పులోంచి దూసుకుపోతూ దారిపొడుగునా విద్యుదావేశాన్ని చల్లిపోతుంది. మెమరీలో 0 కాస్తా 1 అవుతుంది. చిప్పు చెడిపోలేదు, అందులో ఉన్న మాట మాత్రం అబద్ధం అయిపోయింది. ఇంకా చెడ్డది లాచప్. చిప్పు లోపల ఉండకూడని దారి ఒకటి తెరుచుకుని, కరెంటు వరదలా పారుతుంది. వెంటనే కరెంటు తీసేస్తే బతుకుతుంది, లేకపోతే కాలిపోతుంది. ఇది తుప్పు కాదు, పిడుగు. పిడుగుకి రంగు వేసి లాభం లేదు.

కాస్మిక్ కిరణాల వల్ల ఉపగ్రహాల్లో బిట్లు తిరగబడుతున్నాయని 1975లో హ్యూస్ కంపెనీకి చెందిన బైండర్, స్మిత్, హోల్మన్ అనే ముగ్గురు ఇంజనీర్లు పేపరు రాశారు. అంటే ఇది నిన్నమొన్న తెలిసిన సంగతి కాదు, యాభై ఏళ్ళయింది. 1978లో ఇంటెల్ వాళ్ళకి ఇంకో సంగతి తెలిసింది. వాళ్ళ మెమరీ చిప్పుల్లో బిట్లు తిరగబడుతోంటే కారణం వెతికారు. తీరా చూస్తే చిప్పుని కాపాడటానికి వేసిన సిరామిక్ పెట్టెలోనే రవ్వంత యురేనియం, థోరియం ఉన్నాయి. వాటి ఆల్ఫా కణాలే దోషులు. తొడుగే శత్రువైందన్నమాట! ఆ కథ తెలిసినవాడెవడూ "పెట్టెలో పెట్టేశాం కాబట్టి క్షేమం" అనడు.

తొడుగు పని చేసిన చోటు

న్యాయంగా మాట్లాడుకుందాం. 2011లో బయల్దేరి 2016లో బృహస్పతిని చేరిన జూనో నౌకని చూడండి. దాని ఎలక్ట్రానిక్స్ అన్నీ టైటానియం పెట్టెలో పెట్టారు. ఒక్కో గోడ సుమారు 1 సెంటీమీటరు మందం, 18 కిలోల బరువు. లోపలి సరంజామాతో కలిపి పెట్టె మొత్తం సుమారు 200 కిలోలు. బయటితో పోలిస్తే లోపల మోతాదు 800 రెట్లు తక్కువ అని నాసా చెప్పింది. మన టీ కొట్టు మేధావుల కోసం ఇంకో ముక్క: సీసం ఎందుకు వాడలేదంటే, అది మరీ మెత్తన, రాకెట్ ఎగిరేటప్పటి కుదుపులకి తట్టుకోదట. అదీ సంగతి.

ఇది తొడుగు సాధించిన విజయమే. ఎందుకంటే బృహస్పతి దగ్గర పెద్ద శత్రువు పట్టీల్లోని ఎలక్ట్రాన్లు, అంటే తుప్పు. రోగానికి తగిన మందు వేశారు. అయినా పెట్టెని కట్టేసి చేతులు దులుపుకోలేదు. పట్టీలు దట్టంగా ఉన్నచోటుని వీలైనంత తప్పించుకునేలా కక్ష్య వేశారు. పెట్టె బయట ఉన్న జూనోక్యామ్ కెమెరా 2023లో బొమ్మలన్నీ పాడుచేస్తుంటే, దాన్ని వేడిచేసి బాగుచేశారు. కొన్ని రకాల రేడియేషన్ గాయాలు వేడికి మానతాయి. కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి కెమెరాకి కాపడం పెట్టి, ఆ డిసెంబరులో అయో ఉపగ్రహం ఫోటోలు తీయించారు. ఇదీ ఇంజనీరింగంటే.

2024 అక్టోబరులో బయల్దేరిన యూరోపా క్లిప్పర్ కథ నా వాదనకి ఇంకా దగ్గర. దానికీ 1 సెంటీమీటరు కాస్త తక్కువ మందంతో లోహపు పెట్టె ఉంది. ఇక నౌకని రాకెట్ మీదకెక్కించడమే తరువాయి అనగా, మే నెలలో ఒక కబురొచ్చింది. అందులో వాడిన ఒక రకం ట్రాన్సిస్టర్లు, అనుకున్నదానికంటే చాలా తక్కువ మోతాదుకే చెడిపోతున్నాయని. పెట్టె మందం పెంచుదామంటే టైము లేదు. "పెట్టె ఉందిగా, ఏం కాదులే" అనుకోవచ్చు. అనుకోలేదు. నెలల తరబడి రాత్రింబవళ్ళు ఆ రకం ట్రాన్సిస్టర్లని పరీక్షించారు. కక్ష్యలో ఎక్కువకాలం పట్టీలకి దూరంగానే ఉంటుంది కాబట్టి, ఆ వ్యవధిలో ట్రాన్సిస్టర్లు కోలుకుంటాయని లెక్కతో తేల్చాకే ప్రయోగానికి ఒప్పుకున్నారు. నిర్ణయానికి ఆధారం తొడుగు కాదు, పరీక్షలో వచ్చిన అంకెలు.

ఒక్క దెబ్బని కాచుకునేది ఎవరు?

1977లో బయల్దేరిన వాయేజర్ 2, 2010 ఏప్రిల్‌లో ఉన్నట్టుండి అర్థంకాని డేటా పంపడం మొదలుపెట్టింది. అప్పటికది దాదాపు 1,400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. భూమ్మీద వాళ్ళు మెమరీ మొత్తం తెప్పించుకుని, ఉండాల్సినదానితో పోల్చి చూశారు. ఒకే ఒక్క బిట్టు 0 బదులు 1 అయి కూర్చుంది. మే నెలలో దాన్ని మళ్ళీ సరిచేశారు, నౌక మామూలైపోయింది. ఏ తొడుగు చేసిందీ పని? మెమరీ మొత్తాన్ని బయటికి పంపగల సౌకర్యం, దూరం నుంచి మళ్ళీ రాయగల సౌకర్యం ముందే పెట్టిన మనుషులు చేశారు.

2012 అక్టోబరులో స్పేస్ఎక్స్ డ్రాగన్ నౌక అంతరిక్ష కేంద్రానికి సరుకులు మోసుకెళ్ళినప్పుడు, దాని మూడు ఫ్లైట్ కంప్యూటర్లలో ఒకటి మిగతా రెండింటితో తాళం తప్పింది. రేడియేషన్ దెబ్బ అని అనుమానం. మిగిలిన రెండిటితో పని పూర్తిచేసుకుని వచ్చేసింది. ముగ్గురిలో ఒకడికి మతిపోతే ఇద్దరి మాట వినాలని ముందే రాసిపెట్టుకున్నారు కాబట్టి.

అంగారకుడి మీద ఎగిరిన ఇన్‌జెన్యుయిటీ హెలికాప్టర్ అయితే మరీ విడ్డూరం. దాని మెదడు స్నాప్‌డ్రాగన్ 801, ఒకప్పుడు మన జేబుల్లోని ఫోన్లలో ఉన్న చిప్పు. దాని మీద లైనక్స్. తొడుగు మొయ్యడానికి దానికి ఒళ్ళెక్కడిది? మొత్తం బరువే 2 కిలోలు దాటదు. దాని బదులు, రేడియేషన్‌ని తట్టుకునే చిన్న చిప్పు ఒకదాన్ని పైన కాపలా పెట్టారు. అయిదుసార్లు ఎగిరితే చాలనుకున్నది, 2021 ఏప్రిల్ నుంచి 2024 జనవరి దాకా 72 సార్లు ఎగిరింది. చివరికి ఆగిపోయింది రెక్క విరిగి, బిట్టు తిరగబడి కాదు.

ఈ పద్ధతులేవీ బ్రహ్మవిద్య కాదు. తప్పు దిద్దుకునే కోడ్‌ని హామింగ్ 1950లోనే ప్రచురించాడు. ఒక పదంలో ఒక బిట్టు పోతే దిద్దుకోవచ్చు, రెండు పోతే కుదరదు. కాబట్టి రెండోది పోయేలోపే మెమరీ అంతా ఒకసారి చదివి, మొదటిదాన్ని దిద్ది, తిరిగి రాసేస్తూ ఉండాలి. వాకిలి ఊడ్చినట్టు రోజూ చెయ్యాల్సిన పని. ఒకే కణం పక్కపక్కనున్న బిట్లని కలిపి తిప్పేస్తుంది కాబట్టి, ఒకే పదంలోని బిట్లని చిప్పులో దూరదూరంగా ఉంచాలి. లాచప్ కోసం, కరెంటు గీత దాటగానే కట్ చేసే సర్క్యూటు. ప్రోగ్రామ్ ఎక్కడైనా ఇరుక్కుపోతే లేపడానికి ఒక కాపలా టైమరు. ప్రమాదకరమైన చోట అసలు పని ఆపేయడం కూడా ఒక పద్ధతే. దక్షిణ అట్లాంటిక్ మీద పట్టీలు కిందికి దిగి ఉన్నచోటుని దాటేటప్పుడు హబుల్ టెలిస్కోపు పరిశీలనలు ఆపేస్తుంది. దీనికి గ్రాము బరువు కూడా అక్కర్లేదు.

ఇక సాకు సంగతి

2011 నవంబరు 9న రష్యా ఫోబోస్-గ్రున్త్ నౌకని ప్రయోగించింది. అంగారకుడి చందమామ నుంచి మట్టి తేవాలని దాని లక్ష్యం. 13 టన్నుల పైచిలుకు బరువు. చైనా వాళ్ళ మొదటి అంగారక ఉపగ్రహం కూడా దాని భుజాల మీదే ఉంది. రాకెట్ తన పని తాను చేసింది. భూకక్ష్యలోకి వెళ్ళాక నౌక తన ఇంజను తనే వెలిగించుకోవాలి. వెలిగించలేదు. రెండు నెలలు భూమి చుట్టూ తిరిగి 2012 జనవరి 15న పసిఫిక్ సముద్రంలో కూలిపోయింది.

కూలకముందే, అప్పటి రష్యా అంతరిక్ష సంస్థ అధిపతి పొపోవ్కిన్ ఇదేదో బయటివాళ్ళ పని కావచ్చన్నట్టు సూచనలిచ్చాడు. అది నిలబడలేదు. తరవాత విచారణ సంఘం తేల్చిందేమిటంటే, కంప్యూటర్లోని రెండు విభాగాలూ ఒకేసారి రీస్టార్ట్ అయ్యాయి, అందుకు ఎక్కువ అవకాశమున్న కారణం అంతరిక్షంలోని బరువైన ఆవేశిత కణాలు. అంటే మన కాస్మిక్ కిరణాలే.

కాసేపు ఆలోచించండి. నౌక ఉన్నది భూమికి 200 నుంచి 350 కిలోమీటర్ల ఎత్తులో, అయస్కాంత క్షేత్రం గొడుగు కిందే. తిరిగింది ఒకటి రెండు చుట్లు. అంగారకుడి దాకా వెళ్ళి, అక్కడ దిగి, తిరిగి మూడేళ్ళు బతకాల్సిన కంప్యూటరు, ఇంటి గుమ్మంలోనే వడదెబ్బకి పడిపోయిందంటే తప్పు ఎండదా? రెండు విభాగాలకీ ఒకే క్షణంలో విడివిడిగా కణాలు తగిలాయంటే, ఊళ్ళో రెండిళ్ళ మీద ఒకే సెకండులో పిడుగు పడిందనడమే. పడకూడదని లేదు. కానీ రెండిళ్ళకీ ఒకే కరెంటు తీగ ఉందేమో చూడరా ముందు? వాడిన విదేశీ మెమరీ చిప్పులు అంతరిక్షానికి పనికొచ్చే రకం కావని వాళ్ళే ఒప్పుకున్నారు. ఆ రకం చిప్పుకి లాచప్ జబ్బు ఉందని రేడియేషన్ నిపుణులకి ముందే తెలుసని ఐట్రిపులీ స్పెక్ట్రమ్ పత్రిక 2012లోనే రాసింది.

సరే, నిజంగా కణమే తగిలిందనుకుందాం. రీస్టార్ట్ అయిన నౌక బుద్ధిగా సూర్యుడి వైపు తిరిగి, భూమి నుంచి ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. కానీ ఆ కక్ష్యలో ఉండగా దానితో మాట్లాడే ఏర్పాటే సరిగ్గా లేదు! ఆస్ట్రేలియాలోని పెర్త్ దగ్గర ఐరోపా వాళ్ళ యాంటెన్నాకి ప్రత్యేకంగా ఒక భాగం తగిలిస్తే గానీ, రెండు వారాల తరవాత చిన్న సిగ్నల్ అందలేదు. "నిద్ర లేచాక నన్ను పిలవండి" అని చెప్పి, ఫోను ఇంట్లో వదిలేసి వెళ్ళినట్టుంది. ఈ తప్పు కాస్మిక్ కిరణానిది ఎలా అవుతుంది? ఒక మీటరు మందం తొడుగేసినా ఈ తప్పు అలాగే ఉండేది.

రష్యా వాళ్ళనే అంటే అన్యాయం. మన చంద్రయాన్-1 ఉంది. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి బయల్దేరింది, రెండేళ్ళు పనిచెయ్యాలి. 2009 ఏప్రిల్, మే నెలల్లో దిక్కు చూపించే స్టార్ సెన్సర్లు పోయాయి. మేలో కక్ష్యని 100 నుంచి 200 కిలోమీటర్లకి పెంచారు. అప్పుడు చెప్పిన కారణం, చంద్రుణ్ణి ఇంకా బాగా అధ్యయనం చెయ్యడానికని. సెన్సర్ల సంగతి జనానికి చెప్పింది జులైలో. మొదట సూర్యుడి రేడియేషన్ అన్నారు. ఆగస్టు చివర్లో నౌక మూగబోయాక, చంద్రుడి వేడిని తక్కువ అంచనా వేశామన్న మాట బయటికొచ్చింది. సెన్సర్లు లేకపోయినా గైరోలతో, యాంటెన్నా దిశతో నౌకని మూడు నెలలు నడిపించిన ఇంజనీర్లకి నా నమస్కారం. ఆ పనితనాన్ని మే నెలలోనే గర్వంగా చెప్పుకోవాల్సింది. దాచారు. చంద్రుడి మీద నీటి జాడ పట్టిచ్చిన యాత్ర అది, దాని లోపం చెప్పుకుంటే పరువు పోయేదా? రేడియేషన్ అని ఊరుకుని ఉంటే, తరవాతి నౌకకి వేడి లెక్క ఎవరు సరిచేసేవారు?

ఈ జబ్బు భూమ్మీదా ఉంది. నేను గతంలో పనిచేసిన ఒకచోట, వారానికోసారి ఒక సర్వరు తప్పు మొత్తాలు చూపించేది. ఒక పెద్దాయన "మెమరీ బిట్ ఫ్లిప్ అయ్యుంటుంది" అని టికెట్ మూసేశాడు. కాస్మిక్ కిరణాలకి వారం వర్జ్యం ఉండవు కదండీ, సోమవారమే ఎందుకొస్తాయి? తరవాత వెతికితే రెండు ప్రోగ్రాములు ఒకే ఫైలు మీద ఒకేసారి రాస్తున్నాయి. గూగుల్, టొరంటో విశ్వవిద్యాలయం వాళ్ళు 2009లో వేల సర్వర్ల రెండున్నరేళ్ళ లెక్కలు చూసి రాసిన పేపరు కూడా ఇదే మొట్టికాయ వేసింది. ఏటా నూటికి 8కి పైగా మెమరీ కార్డుల్లో తప్పులొస్తున్నాయి, వాటిలో ఎక్కువ భాగానికి కారణం ఎక్కడినుంచో వచ్చిన కణాలు కాదు, చెడిపోయిన మెమరీనే అని తేల్చింది.

తాజా ఉదాహరణ 2025 నవంబరుది. ఎయిర్‌బస్ ఏ320 రకం విమానాలు సుమారు 6,000 వెంటనే సరిచెయ్యాలన్నారు. తీవ్రమైన సౌర రేడియేషన్ వల్ల విమానాన్ని అదుపుచేసే కంప్యూటర్లో డేటా పాడవొచ్చని కారణం చెప్పారు. మన ఇండిగో, ఎయిర్ ఇండియా విమానాలూ అందులో ఉన్నాయి. పేపర్లన్నీ సూర్యుడి బొమ్మ వేశాయి. మరి మందేమిటి? చాలా విమానాలకి, పాత సాఫ్టువేరు తిరిగి ఎక్కించడం, కొన్ని గంటల పని. అదే విమానం, అదే సూర్యుడు, అదే రేకు. మారింది సాఫ్టువేరు ఒక్కటే. మరి తప్పెవరిదో నేను వేరే చెప్పాలా?

మీరు అనబోయేవి

ఒకటి. "కొత్త పదార్థాలు వస్తున్నాయి కదా?" వస్తున్నాయి. హైడ్రోజన్ ఎక్కువున్న పాలిథీన్ లాంటివి సీసం కంటే మేలు. అంతరిక్ష కేంద్రంలో మనుషులు పడుకునే చోట వాడారు కూడా. మనిషి శరీరానికి ప్రతి శాతమూ లెక్కే, అక్కడ నేను నోరెత్తను. మన గగనయాన్‌లో మనుషులు వెళ్ళేటప్పుడు కూడా ఈ ప్రశ్న వస్తుంది. కానీ చిప్పుకి తగిలే కాస్మిక్ కేంద్రకాల్ని కొన్ని సెంటీమీటర్ల ఏ పదార్థమూ పూర్తిగా ఆపదు. ఆపుతుందని ఎవరైనా అమ్మజూపితే, ఏ కణం, ఎంత శక్తి, చదరపు సెంటీమీటరుకి ఎన్ని గ్రాములు అని మూడు ప్రశ్నలడగండి చాలు.

రెండు. "అయితే రేడియేషన్‌ని తట్టుకునే చిప్పులే కొనుక్కోవచ్చుగా?" కొనుక్కోవచ్చు, డబ్బుంటే. క్యూరియాసిటీ, పర్సెవరెన్స్ రోవర్లలో ఉన్న ర్యాడ్ 750 అలాంటిదే. 200 మెగాహెర్ట్‌జ్ వేగానికి లక్షల డాలర్లు. దాన్ని పెట్టుకున్న క్యూరియాసిటీలోనే 2013 ఫిబ్రవరిలో మెమరీ గొడవొచ్చి, రెండో కంప్యూటరుకి మారాల్సొచ్చింది. రెండోది పెట్టారు కాబట్టి మారారు.

మూడు. "చిన్నవాళ్ళకి ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి?" నా బాధంతా ఇక్కడే. 2020 తరవాత మన దేశంలో ప్రైవేటు వాళ్ళకి అంతరిక్షం తలుపు తెరుచుకుంది. హైదరాబాదు ధ్రువ స్పేస్ వాళ్ళ రెండు చిన్న ఉపగ్రహాలు 2022 నవంబరులో పీఎస్ఎల్వీ మీద ఎగిరాయి. కాలేజీ పిల్లలూ కడుతున్నారు. వీళ్ళందరూ వాడేది బజారు చిప్పులే, తప్పులేదు. కానీ వాళ్ళకున్న కొద్ది కిలోల్లో, కొద్ది రూపాయల్లో ఎక్కువ భాగం రేకుకి పోతే, పరీక్షకి ఏం మిగులుతుంది? ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో భారీ అయాన్ల పుంజం ఉంది. చిప్పుని దాని ముందు పెడితే లాచప్ వస్తుందో లేదో ఆకాశానికి వెళ్ళకముందే తెలుస్తుంది. అదీ కుదరకపోతే, ఒక పైసా ఖర్చులేని పరీక్ష ఇంకొకటుంది. బల్లమీద నడుస్తున్న ప్రోగ్రామ్ మెమరీలో కావాలని ఏదో ఒక బిట్టు తిప్పండి. వెయ్యిసార్లు తిప్పండి, వెయ్యి చోట్ల. ఎన్నిసార్లు తనంతట తను లేచిందో రాసిపెట్టండి. ఒక రాత్రిలో ఒక కుర్రాడు రాసేయగల స్క్రిప్టు ఇది.

కాబట్టి ఉపగ్రహానికి అనుమతులిచ్చే కమిటీల్లో ఉన్న పెద్దలకి నా విన్నపం ఒక్కటే. "తొడుగు ఎన్ని మిల్లీమీటర్లు?" అన్న ప్రశ్న తప్పకుండా అడగండి. దాని తరవాత ఇవి కూడా అడగండి: ఏ చిప్పుకి లాచప్ పరీక్ష చేశారు? మెమరీ ఎన్ని నిమిషాలకోసారి ఊడుస్తారు? రెండు కంప్యూటర్లూ ఒకేసారి పడిపోతే ఏమవుతుంది? పడి లేచాక నౌక ఎవరితో, ఏ రేడియోలో మాట్లాడుతుంది? జవాబు లేకపోతే వెనక్కి పంపండి. రేపు నౌక పోయి, నివేదికలో కాస్మిక్ కిరణం అని రాసుకొస్తే, "ఏ మెమరీ అడ్రసులో, ఏ బిట్టు, ఎప్పుడు?" అని అడగండి. వాయేజర్ వాళ్ళు 1,400 కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్న ఒక్క బిట్టుని వేలుపెట్టి చూపించారు. 200 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నదాని సంగతి చెప్పలేకపోతే, ఆ నివేదిక మీద సంతకం పెట్టకండి.